మిషను ఒప్పుకున్న బిడ్డ

వెలుగు పక్షం, సోమవారం

మోటారు రూములో డ్యూటీ లాగుబుక్కు ఒకటుంది. ఏ పంపు సరిగ్గా తిరుగుతోంది, ఏ తొట్టిలో పాచి ఎంత పెరిగింది, అందులో రాస్తాను. ఇది వేరు. నా పెళ్లాం సారక్కతో పోట్లాడి గెలవలేని రోజుల్లో కడుపుమంట చల్లారడానికి రాసుకునేది. మా ఇంట్లో నేను గెలిచిన రోజులు తక్కువ కాబట్టి ఇది డ్యూటీ లాగుబుక్కు కన్నా లావుగా తయారైంది.

ఇవాళ ఓడ దిగింది. పప్పు వస్తుందని, పంపులకు బేరింగులు వస్తాయని ఎదురుచూశాం. పప్పు సగమే వచ్చింది, బేరింగులు రానేలేదు. వాటి బదులు ఒక మిషనూ, దాన్ని నడిపే మేడమూ దిగారు. మేడం పేరు మృణాళిని. చందమామ మీద కొత్తగా నడిచే అందరిలాగే అడుగు వేయబోయి ఎగిరి, తల పైకప్పుకు కొట్టుకుంది. చేతిలో కంపెనీ ముద్ర ఉన్న ఫైలు ఉంది కాబట్టి ఎవరూ నవ్వలేదు.

మా తాతలు భూమి మీద బొగ్గు బాయిలో దిగేవారు. మేం ఇక్కడ రాతి బాయిలో దిగుతాం, అందులోనే ఉంటాం. పైన పక్షం రోజులు ఎండ, పక్షం రోజులు చీకటి. మాకు రెండూ ఒకటే. పాచి తొట్లు వదిలే గాలి పీల్చి బతుకుతాం, ఆ తొట్లు గోకడం, గాలిని గదులకు పంచడం నా పని.

సాయంత్రం క్యాంటీనులో మేడం కొత్త చట్టం చదివింది. ఇకనుంచి పిల్లల గాలి వాటా తండ్రి లెక్కలోకి వస్తుంది. తండ్రి ఎవరో తల్లి చెబితే చాలదు, తండ్రి ఒప్పుకున్నా చాలదు, నెత్తురు చెప్పాలి. తండ్రి తేలిన బిడ్డ తండ్రి గదిలోనే పడుకోవాలి. తండ్రి తేలని బిడ్డ వచ్చే ఓడలో ధ్రువం దగ్గరున్న పిల్లల గృహానికి పోతుంది. తల్లులు వెంట పోవడానికి లేదు, వాళ్ల కాంట్రాక్టు ఇక్కడిది.

"నొప్పులు వడ్డది నేనాయె, సాక్ష్యం చెప్పేది మిషనాయె" అంది సారక్క, మేడానికి వినబడేటట్టే.

మా మేదినికి ఏడేళ్లు. వేలికి సూది గుచ్చితే కిక్కురుమనలేదు. నాకు గుచ్చితే అబ్బా అన్నాను. గది చేరేదాకా అది నన్ను ఆటపట్టిస్తూనే ఉంది.

వెలుగు పక్షం, గురువారం

మేడం సామాన్ల గదిని ఆఫీసు చేసుకుంది. నన్ను ఉల్లిపాయల బస్తా మీద కూర్చోబెట్టి, పప్పు అయిపోయిందని క్యాంటీను మనిషి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మేదిని మీ కూతురు కాదు, ఓదెలు గారూ."

మిషను చెడిపోయి ఉంటుందన్నాను. మా దుమ్ముకు ఏ మిషనైనా చెడుతుంది, విప్పి ఊదమంటే ఊదుతానని కూడా అన్నాను.

"మిషను బాగానే ఉంది. ఇంకో విషయం. వెనక లైనులో స్వరూప గారి పాప, చినుకు. ఆ పాప తండ్రి ఫలానా అని కాగితాల్లో లేదు కాబట్టి బాయిలో మగవాళ్లందరితో పోల్చి చూశాం. మీతో కలిసింది. చినుకు మీ కూతురు. రేపటి నుంచి మీ గదిలో ఉండాలి. పాపకు మూడేళ్లే కాబట్టి తల్లి కూడా వస్తుంది."

స్వరూప జల్లెడ దగ్గర పనిచేస్తుంది. ఫిల్టరు మార్చాలి, కొంచెం జరగమ్మా అనడం తప్ప ఆమెతో నేను మాట్లాడిందే లేదు.

గదికి వచ్చి సారక్కకు చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"స్వరూపనా?" అంది.

"మరి మేదిని ఎవల బిడ్డ?" అన్నాను. నోరు జారింది. మా ఇద్దరికీ చెంప మీద కొట్టినట్టయింది. పదేళ్ల కాపురంలో నేను ఆమెను అనని మాట ఆ మిషను నాచేత అనిపించింది. ఆమె ఏడవలేదు, గరిటె తీసి కొట్టనూ లేదు. కొడితే బాగుండేది.

తర్వాత ఆమే అంది. "చినుకు గట్టయ్య బిడ్డ. బాయిల అందరికి ఎర్కే. గట్టయ్య నెత్తురు నీ ఒంట్లకు ఎట్లొచ్చిందో ఆలోచించు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. దుమ్ము జ్వరం.

మేదిని పుట్టకముందు మాట. దుమ్ము జ్వరం మనిషి ఎముకల్లోని మూలుగను తినేసేది. నాకూ వచ్చింది. ఓడలు రావడం మానేశాయి. అప్పుడు రాజవ్వ, ఆస్పత్రిలో నర్సుగా చేసిన ముసలమ్మ, జ్వరం రానివాళ్ల మూలుగ తీసి వచ్చినవాళ్లకు ఎక్కించింది. క్యాంటీనులో దుప్పటి అడ్డం కట్టి, అటు ఇచ్చేవాళ్లను, ఇటు తీసుకునేవాళ్లను పడుకోబెట్టేది. ఎవరిది ఎవరికి పోయిందో చెప్పేది కాదు, మేం అడిగేవాళ్లం కాదు. ఒకరి ముందు ఒకరు తల వంచుకుని బతకకూడదని రాజవ్వ పెట్టిన కట్టుబాటు అది. నెత్తురు పుట్టేది మూలుగలోనే. ఇచ్చినవాడి మూలుగ వస్తే ఇచ్చినవాడి నెత్తురే పారుతుంది.

ఇన్నేళ్లుగా నాలో పారుతున్నది గట్టయ్య నెత్తురు. అతను పోయినేడు కప్పు కూలి చనిపోయాడు. ఎదురుపడినప్పుడల్లా పాచి వాసన కొడుతున్నావురా అని వెక్కిరించేవాడు. ఒక్కసారైనా ఆ దుప్పటి అవతల పడుకున్నది నేనేనని అనుకుని ఉంటాడా అని అడగడానికి ఇప్పుడు లేడు.

వెలుగు పక్షం, ఆదివారం

మా గది ముగ్గురికి కట్టింది. ఇప్పుడు ఐదుగురం. తండ్రి తేలలేదని మేదిని గాలి వాటా కోసేశారు, స్వరూప వాటా వెనక లైనుకే పోతోంది, మార్చడానికి పైనుంచి అనుమతి రావాలట. గంట కొట్టాక తలుపులు బయటినుంచి మూసుకుంటాయి. తెల్లారేసరికి అందరికీ తలనొప్పి. బాయి అంతటికీ గాలి పంచేవాణ్ణి, నా పిల్లల ముక్కులకు సరిపడా ఇవ్వలేకపోతున్నాను. కవాటం ఒక్క మర ఎక్కువ తిప్పితే ఆఫీసులో ఎర్రదీపం వెలుగుతుంది.

షిఫ్టులో కుర్రాళ్లు మొదలుపెట్టారు. "ఓదెలన్నా, ఇద్దరి వంటల ఎవలిది మంచిగుంటది?" అని. వాళ్లకు మూలుగ సంగతి తెలియదు, జ్వరం పోయాక బాయికి వచ్చినవాళ్లు. నవ్వి ఊరుకున్నాను. పళ్లు నూరుకుంటూ నవ్వడం కూడా వచ్చింది నాకు.

స్వరూప మూల నుంచి కదలదు. చినుకును ఒళ్లో పెట్టుకుని, నన్ను చూడనట్టు చూస్తుంది. మూలుగ సంగతి సారక్క చెప్పిందట, ఇవాళ అన్నాలు తిన్నాక లేచి నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఏమనుకోకు. ఒక్కపారి నీ చెయ్యి పట్టుకుంట."

నేను సారక్క వైపు చూశాను. ఆమె అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది.

"పట్టుకోనీ" అంది తిరగకుండానే.

స్వరూప నా మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. నాడి కొట్టుకోవడం వింటోంది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. నా చెయ్యే, కానీ అక్కడ నాకు పనిలేదు. కాసేపయ్యాక ఆమె చెయ్యి వదిలి, "మంచిగ కొట్టుకుంటున్నది" అంది. సారక్క వచ్చి ఆమె పక్కన కూర్చుని, మిగిలిన అన్నం ఆమె పళ్లెంలో వేసి తినమంది. మేదిని, చినుకు అప్పటికే ఒకే దుప్పటిలో దూరి కాళ్లతో తన్నుకుంటున్నారు.

చీకటి పక్షం, మంగళవారం

మేడం దగ్గరికి పోయాను. చెప్పు విప్పి కాలి బొటనవేలు చూపించాను. నాది వంకర వేలు, మేదినిదీ అచ్చం అదే వంకర. ఆమె మర్యాదగా చూసి, చెప్పు తొడుక్కోమంది.

"వెంట్రుకతో చూడరాదా మేడం? చర్మంతో?"

"ముందు అలాగే చూసేవాళ్లం. పక్క బాయిలో ఒకాయన తమ్ముడి వెంట్రుకలు తెచ్చి ఇచ్చాడు. ఇంకొకాయన ఎవరి ఉమ్మో తెచ్చాడు. అందుకే ఇప్పుడు చట్టంలో రక్తం ఒక్కటే ఉంది. నా కళ్లముందు తీసిన రక్తం." ఫైలు తెరిచి అంది. "మీ రక్తం మీది కాదని చెప్పడానికి కారణం ఏదైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను."

నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కాంట్రాక్టులో మా ఒంటిమీద కంపెనీకి హక్కుంది. అనుమతి లేకుండా ఒంట్లో ఏ మార్పు చేసుకున్నా వాటా రద్దు. నేను నోరు తెరిస్తే నా ఒక్కడిదే పోదు. జ్వరం వచ్చిన ఏట దుప్పటికి రెండు పక్కలా పడుకున్నవాళ్లందరిదీ పోతుంది, రాజవ్వది అందరికన్నా ముందు పోతుంది. వాళ్లలో చాలామంది ముసలివాళ్లు, పిల్లలు ఎదిగిపోయారు, ఈ చట్టం వాళ్ల జోలికి రాలేదు. చిన్నబిడ్డ ఉన్నవాణ్ణి నేనే దొరికాను.

"ఒకటి చేయొచ్చు" అంది మేడం. ఆమె చెడ్డది కాదు, అదే నాకు కోపం. "ఓడ వచ్చేలోపు మరోసారి పరీక్ష అడగొచ్చు. అప్పుడు మొదటి ఫలితం కొట్టేసి కొత్తదే రాస్తాం. కానీ మీకు మళ్లీ అదే వస్తుంది."

రాజవ్వ గదికి పోతే అక్కడ పెద్దవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఎవరూ నన్ను చెప్పొద్దనలేదు. అందరూ నేల చూస్తున్నారు. రాజవ్వ ఒక్కతే నా మొహంలోకి చూసింది.

"చెప్తనంటే చెప్పు కొడుకా. నేను బతికినన్ని దినాలు బతికిన. వీళ్లనే జర చూడు."

చూశాను. నాకు నడక మళ్లీ నేర్పినవాళ్లు వాళ్లు, జ్వరంలో నా ఒళ్లు తుడిచినవాళ్లు. వాళ్లను చంపి బిడ్డను దక్కించుకోలేను, బిడ్డను ఓడ ఎక్కించి వాళ్ల మధ్య తిరగలేను. మోటారు రూముకు వచ్చి తొట్టి అంచు పట్టుకుని అరిచాను. పంపుల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

చీకటి పక్షం, శుక్రవారం

ఆలోచన సారక్కది. నాది కాదని రాసిపెడుతున్నాను, కానీ ఆపనివాణ్ణి కూడా నేనే.

రాజవ్వను గదికి పిలిపించి, పిల్లలను బయట ఆడుకోమని పంపి, మెల్లగా అడిగింది. "ఈయన నెత్తురుకు బిడ్డ చినుకు. చినుకు మూలుగ మా మేదినికి ఎక్కిస్తే?"

రాజవ్వ మంచం అంచున కూర్చుంది. తర్వాత లెక్క వేసింది. "అప్పుడు మేదిని నెత్తురు చినుకు నెత్తురే అయితది. మిషను ఈయనకు బిడ్డే అంటది."

"మేదినిది తీసి నాకెక్కియ్యి" అన్నాను. "నాది మార్చు. పిల్లది చిన్నది."

"నీకెక్కిస్తే నీది, దానిది ఒక్కటే నెత్తురైతది. తండ్రిబిడ్డలు సగమే కలువాలె. మొత్తం కలిస్తే దొంగతనమని పట్టుకుంటరు."

"ఇద్దరు పిల్లలది ఒక్కటే అయితే పట్టుకోరా?"

"బిడ్డను తండ్రితోనే పోలుస్తున్నరు. బిడ్డను బిడ్డతోని పోలుస్తలేరు. చినుకుది తేలిపాయె, మళ్లా తియ్యరు."

జ్వరం ఏటి మందు రాజవ్వ దగ్గర ఇంకా కొంచెం ఉంది. ముందు దానితో లోపలి మూలుగనంతా కడగాలి. కడిగాక కొత్తది పట్టకపోతే మనిషి లేవడు. పెద్దవాళ్లలోనే లేవనివాళ్లు ఉన్నారు, నేను చూశాను. ఏడేళ్లదానికి ఎప్పుడూ చేయలేదు.

వద్దన్నాను. పిల్లల గృహంలో అన్నం పెడతారు, గాలి ఇస్తారు, బతికుంటుంది, అదే చాలన్నాను. సారక్క నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ ఇంట్ల పెరిగినోళ్లను చూసినవా? నేను పెరిగిన. నాకు అమ్మ పేరు తెల్వది. నా పేరు కూడా ఇక్కడికి వచ్చినంక నేను పెట్టుకున్న. నా బిడ్డ ఆడికి పోదు."

ఆమె అనాథ అని తెలుసు. ఇంత తెలియదు. ఇంక వద్దనలేదు.

స్వరూపను అడగాలి. ఆమె అంతా మూలలో కూర్చుని వింది. చినుకు తుంటిలో సూది దించాలి, మూడేళ్ల పిల్ల. కాదంటే తప్పుపట్టేవాణ్ణి కాదు.

"గట్టయ్య అడుగకుంటనే ఇచ్చిండు గద అన్నా" అంది. "తియ్యి రాజవ్వా."

మేదినికి చెప్పాల్సింది నేను. మిషను మళ్లీ పరీక్ష పెడుతుంది, దానికి ఒక మందు వేసుకోవాలి, జ్వరం వస్తుంది, జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది అని చెప్పాను. అది ఒక్కటే అడిగింది.

"చెయ్యకుంటే ఓడ ఎక్కాల్నా బాపూ?"

అవునన్నాను. "అయితే సరే" అంది.

వెలుగు పక్షం, బుధవారం

రాయడానికి చేతులు రావడంలేదు. మేదినికి తట్టు పోసిందని మేడానికి చెప్పాం. ఆమె భయపడి మా లైనుకు రావడం మానేసింది. బిడ్డ ఏం తిన్నా కక్కుతోంది. జుట్టు దిండంతా పరుచుకుంది, సారక్క ఏరి గుడ్డలో మూటకడుతోంది, ఎందుకో నేను అడగలేదు. చినుకు కుంటుకుంటూ వచ్చి దాని బోడిగుండు నిమిరి పోతోంది.

గంట కొట్టగానే తలుపు మూసుకుంటుంది. బిడ్డ ఒగరుస్తుంటే దాని మంచాన్ని గాలి కంత కిందికి జరిపి, మేం నలుగురం తలుపు దగ్గర ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నాం, దాని వాటాలోంచి ఒక్క గుక్క కూడా పీల్చకూడదన్నట్టు. నేను చేసింది తప్పని ప్రతి నిమిషం అనిపిస్తోంది. చెయ్యకపోయినా అనిపించేది. తప్పు కాని దారి ఒక్కటైనా వదిలి చట్టం రాసి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది.

ఇవాళ జ్వరం నూట నాలుగు దాటింది. సారక్క దాని పాదాలు ఒళ్లో పెట్టుకుని ఏదో గొణుగుతోంది. దేవుణ్ణి అడుగుతోందనుకుని దగ్గరికి పోయి విన్నాను. దాని పేరు పిలుస్తోంది, అంతే.

వెలుగు పక్షం, శనివారం

పట్టింది. రాజవ్వ చుక్క నెత్తురు అద్దం మీద వేసి చూసి, గోడకు ఆనుకుని అట్లాగే కూలబడింది. మేదిని లేచి పాచి పచ్చడి కావాలంది. జన్మలో ఎవరూ అడిగి తినని పచ్చడి అది. నేను మోటారు రూముకు పోయి ఏడ్చి, మొహం కడుక్కుని తెచ్చిచ్చాను.

చీకటి పక్షం, సోమవారం

రేపు ఓడ. ఇవాళ మళ్లీ పరీక్ష.

మేదిని తలకు సారక్క రుమాలు కట్టింది. ఉల్లిపాయల బస్తాల మధ్య మేం ముగ్గురం కూర్చున్నాం. మేడం బిడ్డ వేలికి సూది గుచ్చింది, నా వేలికి గుచ్చింది. ఈసారి నేనేమీ అనలేదు. మిషను గురగురలాడుతుంటే సారక్క నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

మేడం తెర చూసి, ఇంకోసారి చూసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"తండ్రి ఓదెలు. సందేహం లేదు. మొదటిసారి నమూనాలు కలిసిపోయి ఉంటాయి. క్షమించండి." ఆమె నిజంగానే సంతోషపడింది. నా చెయ్యి పట్టుకుని ఊపింది. "గాలి వాటా ఇవాళే తిరిగి రాస్తాను."

నేను సారక్కను చూశాను. ఆమె నవ్వుతోంది, కానీ చెయ్యి బిడ్డ మణికట్టు మీద ఉంది. అక్కడ ఇప్పుడు కొట్టుకుంటున్నది గట్టయ్య, స్వరూపల నెత్తురు. నా అసలు నెత్తురు జ్వరం వచ్చిన ఏటే పోయింది. అందులో సగం ఈ లోకంలో ఒక్క చోటే మిగిలింది, నా బిడ్డ ఒంట్లో. బిడ్డ నెత్తురులో మిగతా సగం సారక్కది. దాన్ని మేమే మందు పోసి కడిగేశాం, అది మా బిడ్డేనని ఒక కాగితం మీద రాయించుకోవడానికి. రాయించుకున్నాం కూడా. సంతోషం లేదనను. రేపు ఓడ బిడ్డ లేకుండా పోతుంది, అంతకన్నా నాకేం కావాలి. కానీ లోపల ఎక్కడో ఎవరో చనిపోయినట్టుంది, ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

మేదిని తెర మీది నా పేరు కూడబలుక్కుని చదివింది. తర్వాత నా వేలు పట్టుకుని లాగింది.

"బాపూ, ఇప్పుడు నేను నీ బిడ్డనే అంటున్నది గద మిషను."

"అవును బిడ్డా."

"మరి మందు వేసుకోకముందు ఎవల బిడ్డను?"

మేడం చేతిలో పెన్ను ఆగింది. తల ఎత్తి బిడ్డను చూసి, నన్ను చూసింది. అనాల్సింది ఒక్క మాట. నా బిడ్డవేనమ్మా, ఎప్పుడూ నా బిడ్డవే. అది అంటే, మరి మందెందుకు అని మేదిని అడుగుతుంది. అడక్కుండా ఊరుకునే పిల్ల కాదు.

"ఏం మందు?" అన్నాను. "జ్వరంలో కలవరించినట్టున్నావ్."

మేదిని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను గోడ వైపు చూశాను. కాసేపటికి నా వేలు వదిలేసి వాళ్లమ్మ పక్కకు పోయింది.